ఏప్రిల్ ఒకటి సీను: ప్రాజెక్టు డైరీ

డిసెంబరు, మొదటి వారం

ఇంటర్నెట్‌లో దొంగ బజార్లు పెట్టినవాళ్లను సినిమాలు ఎలా చూపించాయో తెలుగులో అరగంట వీడియో చేస్తున్నాం. కెమెరా ముందు కూర్చుని ఉపన్యాసం ఇవ్వడం ఉండదు. సినిమా క్లిప్పులూ ఉండవు, కాపీరైట్ స్ట్రైకు పడితే ఛానెలే పోతుంది. సినిమాలో సీను ఎలా ఉందో వాయిస్‌లో చెప్పి, కోర్టు కాగితాల్లో ఉన్నదాన్ని మేమే చిన్న సీన్లుగా తీసి పక్కన పెడతాం. రాత, ఎడిటింగ్ నావి. కెమెరా కృష్ణానగర్‌లో ఉండే మిత్రుడిది. నటుడు ఒక్కడే, నాటకాల కుర్రాడు. నన్ను అన్నా అంటాడు, రెమ్యూనరేషన్ మాట ఇంకా ఎత్తలేదు.

ఇలాంటి కేసుల్లో సినిమావాళ్లకు బాగా నచ్చింది సిల్క్ రోడ్, మాకూ అదే వెన్నెముక. 2011 మొదట్లో తెరిచారు, 2013 అక్టోబరు మొదట్లో మూతపడింది. ఎవరు ఎక్కణ్ణుంచి చూస్తున్నారో దాచే టార్ బ్రౌజర్‌లోనే కనిపించే సైటు. డబ్బు బిట్‌కాయిన్లలో, సరుకు పోస్టులో, ఎక్కువభాగం మత్తుమందులు. నడిపినవాడు రాస్ ఉల్‌బ్రిక్ట్, టెక్సాస్‌లోని ఆస్టిన్ కుర్రాడు. ఫిజిక్స్ డిగ్రీ, పెన్ స్టేట్‌లో మెటీరియల్స్ సైన్స్ పీజీ. సైటు పెట్టేనాటికి 26 ఏళ్లు. అంతకుముందు ఆస్టిన్‌లోనే పాత పుస్తకాలు ఆన్‌లైన్‌లో అమ్మాడు. మొదటి సరుకు కోసం ఒక అద్దె క్యాబిన్‌లో మత్తు పుట్టగొడుగులు తానే పెంచాడు. సైటులో తన పేరు డ్రెడ్ పైరేట్ రాబర్ట్స్. ఒకరి తర్వాత ఒకరు పెట్టుకునే పేరు అది, ఒక పాత కథలోంచి తీసుకున్నది.

ఇంత సరంజామా ఉంటే ఏ రచయిత వదులుకుంటాడు!

డిసెంబరు, మూడో వారం

షీటు మొదలైంది. మూడు కాలమ్‌లు: సినిమా సీను, కోర్టు రికార్డు, నా మాట. మొదటిది ఇట్టే నిండుతోంది. రెండోదే తినేస్తోంది. ఎఫ్‌బీఐ ఫిర్యాదు, 2015 జనవరిలో మాన్‌హటన్‌లో జరిగిన విచారణలో సాక్ష్యాలుగా పెట్టిన ఎగ్జిబిట్లు, శిక్ష రోజు రికార్డు అన్నీ చదవాలి.

ముందు 2021లో వచ్చిన సినిమా తీసుకున్నాం. పేరు సిల్క్ రోడ్, దర్శకుడు టిల్లర్ రస్సెల్, ఉల్‌బ్రిక్ట్‌గా నిక్ రాబిన్సన్. 'మేం కల్పించినవీ మార్చినవీ తప్ప మిగతాదంతా నిజమే' అనే అర్థం వచ్చేలా మొదట్లోనే ఒక కార్డు వేస్తారు. అది వేశాక ఏం చేసినా అడిగేవాడుండడు. మన దగ్గర 'ఇందులోని పాత్రలు కేవలం కల్పితం' అని వేసి, ఊరందరికీ తెలిసిన నాయకుణ్ణి పంచె కట్టుతో సహా దించేస్తారు కదా, ఆ పద్ధతే.

ఉల్‌బ్రిక్ట్‌కి ఎదురుగా నిలబెట్టిన పోలీసు పాత్ర మీద నాకు పేచీ ఉంది. జేసన్ క్లార్క్ చేసిన ఆ రిక్ బౌడెన్ కల్పిత మనిషి. పాతకాలం నార్కోటిక్స్ అధికారి. కంప్యూటర్ అంటే తెలియనివాణ్ణి తీసుకెళ్లి సైబర్ విభాగంలో కూర్చోబెడతారు. కూతురి చదువు బెంగ ఒకటి ఉంటుంది. చివరికి డబ్బు దగ్గర జారతాడు. చూస్తుంటే జాలేస్తుంది.

రెండో కాలమ్‌లో జాలికి చోటు లేదు. అసలు దొంగలు ఇద్దరు: డీఈఏ (అమెరికా మత్తుమందుల నిరోధక సంస్థ) ఏజెంటు కార్ల్ మార్క్ ఫోర్స్, సీక్రెట్ సర్వీస్ ఏజెంటు షాన్ బ్రిడ్జెస్. ఇద్దరూ బాల్టిమోర్ దర్యాప్తు బృందంలో ఉన్నవాళ్లే. 2013 జనవరిలో సైటు ఉద్యోగి కర్టిస్ గ్రీన్ యూటాలో దొరికాడు. అతని లాగిన్ చేతికి రాగానే బ్రిడ్జెస్ అమ్మకందారుల ఖాతాల్లోంచి బిట్‌కాయిన్లు లాగేశాడు. ఆ దొంగతనం గ్రీన్ చేశాడనుకున్నాడు ఉల్‌బ్రిక్ట్. గ్రీన్‌ని లేపేయమని నాబ్ అనే స్మగ్లర్‌తో 80,000 డాలర్లకు మాట్లాడుకున్నాడు. నాబ్ అంటే ఎవరనుకున్నారు? ఫోర్స్. గ్రీన్ చచ్చిపోయినట్టు నటించాడు, ఫొటోలు తీసి పంపారు. అంటే ప్రభుత్వ మనిషి చేసిన దొంగతనానికి ఇంకొకణ్ణి చంపమని, ఇంకో ప్రభుత్వ మనిషికే సుపారీ ఇచ్చాడు. ఫోర్స్‌కి 78 నెలలు, బ్రిడ్జెస్‌కి 71 నెలలు జైలు పడింది, రెండూ 2015లోనే.

ఇంకొకటుంది. ఈ దర్యాప్తు మీద తీయబోయే సినిమా కోసం ఫోర్స్ పైవాళ్లకు చెప్పకుండా ట్వంటియెత్ సెంచరీ ఫాక్స్‌తో 2,40,000 డాలర్ల ఒప్పందం చేసుకున్నాడు. తప్పు ఒప్పుకున్నప్పుడు ఈ సంగతి కూడా ఒప్పుకున్నాడు. దొంగను పట్టాల్సినవాడు దొంగ సొమ్ము తింటూ, అదే కథను సినిమాకు అమ్ముకున్నాడు. దీన్ని సినిమాలో పెడితే నమ్మరని వదిలేశారో, పరిశ్రమ పరువని వదిలేశారో! మా వీడియోలో దీనికి పూర్తిగా మూడు నిమిషాలు ఇచ్చాను. కెమెరా మిత్రుడు ఎక్కువన్నాడు. తగ్గించను.

డిసెంబరు చివర

డాక్యుమెంటరీల వంతు. అలెక్స్ వింటర్ తీసిన డీప్ వెబ్‌ని 2015 మార్చిలో ఆస్టిన్ ఫెస్టివల్లో మొదట చూపించారు. ఉల్‌బ్రిక్ట్ సొంతూళ్లోనే అన్నమాట. మే 29న రెండు జీవిత ఖైదులు, పైన 40 ఏళ్లు, పెరోల్ లేకుండా శిక్ష పడితే, మే 31న సినిమా టీవీలో వచ్చింది. వాయిస్ కీను రీవ్స్‌ది.

ఇందులో అతను జైల్లో ఉన్నాడు, మాట్లాడలేడు. కాబట్టి అమ్మానాన్నలు మాట్లాడతారు. దాంతో నేరస్థుడు కాస్తా కొడుకైపోతాడు. సైటు సర్వర్‌ను ప్రభుత్వం ఎలా కనిపెట్టింది, వారెంటు ఉందా లేదా అని సినిమా వేసిన ప్రశ్నలు గట్టివే, వాటిని తీసిపారేయడం లేదు. కానీ తల్లి కన్నీళ్ల పక్కన ఆ ప్రశ్నలు పెడితే, ప్రశ్న బలంతో మనం కదులుతున్నామా, కన్నీళ్లతోనా అన్నది విడదీయడం కష్టం.

శిక్ష రోజున ఇంకో తల్లి కూడా కోర్టులో మాట్లాడింది. ఆస్ట్రేలియాలోని పెర్త్ నుంచి వచ్చింది. పదహారేళ్ల కొడుకు సిల్క్ రోడ్‌లో కొన్న మందు వేసుకుని బాల్కనీ నుంచి పడి చనిపోయాడు. ఇలాంటి మరణాలు ఆరింటిని ప్రాసిక్యూషన్ కోర్టు ముందు పెట్టింది. ఆ తల్లి మాటను మా వీడియోలో ఎక్కడ పెట్టాలో ఇంకా తేలలేదు. చివర్లో పెడితే ఏడిపించి వదిలినట్టుంటుంది. మధ్యలో పెడితే మిగతా అంతా తేలిపోతుంది.

జనవరి, మొదటి వారం

జర్మనీ కేసును త్వరగా దాటేద్దామనుకున్నాను. లైప్‌జిగ్‌లో ఒక కుర్రాడు తన పడగ్గదిలోంచి మత్తుమందుల దుకాణం నడిపాడు. 2015 ఫిబ్రవరిలో పట్టుకున్నప్పుడు 320 కిలోల సరుకు దొరికింది. ఏడేళ్ల శిక్ష పడింది. ఆ కేసు ఆధారంగా నెట్‌ఫ్లిక్స్‌లో 2019లో కామెడీ సిరీస్ వచ్చింది. అందులో కుర్రాడు ఇదంతా చేసేది వదిలేసిన ప్రియురాలి కోసం. మళ్లీ ప్రేమే! 2021లో అదే కేసు మీద డాక్యుమెంటరీ వచ్చింది. దాని కోసం అతని పాత గదిని ఉన్నదున్నట్టు సెట్ వేసి, అతన్నే అందులో కూర్చోబెట్టారు. సరుకు ఎలా ప్యాక్ చేసేవాడో చేసి చూపిస్తాడు. పోస్టాఫీసు గుమాస్తా పార్సెల్ కట్టినంత మామూలుగా.

సిరీస్ కన్నా ఈ సెట్టే నాకు ఉపయోగపడింది. గది ఉన్నదున్నట్టు ఉండి మనిషి పని చేసుకుంటూ ఉంటే చాలు, ప్రేమకథ అక్కర్లేదు.

జనవరి, రెండో వారం

వెతుకుతున్న సీను ఎగ్జిబిట్లలోనే దొరికింది. ఉల్‌బ్రిక్ట్ లాప్‌టాప్‌లో రోజువారీ పనుల లాగ్ ఫైలు ఉంది. మనం టాస్క్ షీటు రాసుకున్నట్టే రాసుకున్నాడు. 2013 మార్చి చివర్లో, కొనుగోలుదారుల వివరాలు బయటపెడతానని బెదిరించిన ఒకణ్ణి చంపించడానికి మాట్లాడినట్టు రాశాడు. ఏప్రిల్ 1 కింద వరసగా మూడు సంగతులున్నాయి. బెదిరించినవాడు పోయాడని కబురు వచ్చింది. ఫైల్ అప్‌లోడ్ స్క్రిప్టు తయారుచేశాను. మూడు నెలలు దాటిన బాండు (అమ్మేవాళ్లు సైటుకు కట్టే డిపాజిట్) రీఫండుల సమస్య సరిచేయడం మొదలుపెట్టాను.

అంతే. మూడింటికీ ఒకే గొంతు.

ఇక్కడొక విషయం వీడియోలో స్పష్టంగా చెప్పి తీరాలి. చంపానని చెప్పినవాడు మోసగాడు. బెదిరించినవాడు కెనడాలో ఉంటాడని అనుకున్నారు. అక్కడ శవం దొరకలేదు, అలాంటి హత్య జరిగినట్టు కెనడా పోలీసుల రికార్డుల్లోనూ లేదు. సుమారు 1,50,000 డాలర్ల విలువైన బిట్‌కాయిన్లు మాత్రం చేతులు మారాయి. ఈ కిరాయి హత్యల మీద విడిగా కేసు నడవలేదు. గ్రీన్ విషయంలో మేరీల్యాండ్‌లో పెట్టిన అభియోగాన్ని 2018లో ఎత్తేశారు. న్యూయార్క్ న్యాయమూర్తి మాత్రం శిక్ష వేసేటప్పుడు ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నారు. ఎవరూ చనిపోలేదని కార్డు వేయకపోతే మేమూ ఆ 2021 సినిమా బాటలోనే పడతాం.

ఎఫ్‌బీఐ ఫిర్యాదు చదువుతుంటే సైటు పూర్తిగా ఆఫీసులాగే ఉంది. ప్రతి అమ్మకంలో 8 నుంచి 15 శాతం కమీషన్. సైటు చూసుకునే ఉద్యోగులకు వారానికి వెయ్యి నుంచి రెండు వేల డాలర్ల జీతం. వాళ్లు వారం వారం రిపోర్టు పంపాలి, సెలవు కావాలంటే అడగాలి. అమ్మేవాడికీ కొనేవాడికీ తగవొస్తే వీళ్లే తీర్చాలి. సినిమాల్లో ఇతను విప్లవకారుడు, ప్రేమికుడు, మేధావి. కాగితాల్లో మేనేజరు. మనలో చాలామందికి పరిచయమున్న రకమే: రాత్రి పన్నెండింటికి కూడా ఆన్‌లైన్లో ఉంటాడు, ఎవరి పని ఎంతవరకు వచ్చిందో అడుగుతాడు. వీడియో మొత్తం దీని చుట్టూ తిప్పాలని అప్పుడే అనుకున్నాను. పాత స్క్రిప్టులో సగం చింపేశాను.

జనవరి, నాలుగో వారం: షూటింగ్

యూసుఫ్‌గూడలో తెలిసినవాళ్ల గది తీసుకున్నాం. అసలు మనిషి శాన్ ఫ్రాన్సిస్కోలో జోష్ అని మారుపేరు చెప్పి, నెలకు వెయ్యి డాలర్లకు ఒక గదిలో అద్దెకుండేవాడు. కాబట్టి గొప్ప సెట్ అవసరం లేకపోవడం మా అదృష్టం. బల్ల, కుర్చీ, లాప్‌టాప్, నీళ్ల బాటిల్. ఆర్ట్ డిపార్ట్‌మెంట్ ఖర్చు సున్నా.

మొదటి తలనొప్పి తెర మీద చారలు. పాతికేళ్ల నాటి ట్యూబులైటు 50 హెర్ట్జ్ కరెంటు మీద కొట్టుకుంటుంది, లాప్‌టాప్ తెర 60 హెర్ట్జ్. షట్టర్ యాభైలో పెడితే తెర మీద చారలు పాకుతున్నాయి, అరవైలో పెడితే ట్యూబులైటు మినుకుమంటోంది. ట్యూబులైటు ఆర్పేసి, బ్యాటరీ ఎల్‌ఈడీ లైటు ఒకటి గోడ మీదికి కొట్టి, షట్టర్ అరవైలో ఉంచాం. చారలు పోయాయి. దగ్గర షాట్లలో పిక్సెళ్లు అలలు అలలుగా వస్తుంటే కెమెరాను కాస్త పక్కకు తిప్పి, ఫోకస్‌ను వెంట్రుకవాసి వెనక్కి లాగాడు మిత్రుడు. అక్షరాలు కొంచెం మెత్తబడ్డాయి. నష్టం లేదు, చదవడానికి కింద సబ్‌టైటిల్ ఉంది.

నటుడితో పని బాగా జరిగింది.

"అన్నా, వాడు పోయాడని చదివాక నేనేం చెయ్యాలి?"

"అప్‌లోడ్ స్క్రిప్టు రాయి."

"అది తెలుసన్నా. మొహంలో ఏం పెట్టాలి?"

మొదటి టేకులో చేయి నోటికి అడ్డం పెట్టుకుని కిటికీలోకి చూశాడు. బాగా చేశాడు, కళ్లు కూడా తడిశాయి. కెమెరా మిత్రుడు చప్పట్లు కొట్టాడు. అది పక్కన పెట్టేశాం. తర్వాత చిన్న నవ్వు నవ్వాడు. అది విలన్ అయిపోయింది, మరీ అన్యాయం. చివరికి నిజంగానే పని ఇచ్చాను: ఒక ఎక్సెల్ షీట్లో తప్పు మొత్తాలు వేసి పెట్టి, కెమెరా తిరుగుతుండగా సరిచేయమన్నాను. కబురు చదివాడు, ఫైలు మార్చాడు, లెక్కలోకి దిగాడు. మధ్యలో ఒకసారి మెడ నొప్పిగా ఉందేమో, తల అటూ ఇటూ వంచి మళ్లీ తెరలోకి చూశాడు. టేక్ ఓకే.

దానికి మ్యూజిక్ పెట్టం. ఫ్యాన్ చప్పుడు, కీబోర్డు. సింక్ సౌండే ఉంచుతాను, డబ్బింగ్ చేస్తే చచ్చిపోతుంది.

ఫిబ్రవరి, మొదటి వారం

ఉల్‌బ్రిక్ట్ అరెస్టు సీను మేం తీయడం లేదు. అది ఇప్పటికే సినిమా: గ్లెన్ పార్క్ బ్రాంచి లైబ్రరీ, సైన్స్ ఫిక్షన్ అరలు. ఒక ఏజెంటు సైటు ఉద్యోగి వేషంలో చాట్‌లో పని చెప్పి, అతను అడ్మిన్ పేజీ తెరిచేదాకా ఆగాడు. వెనకాల ఒక జంట గొడవపడుతున్నట్టు నటించింది, అతను తల తిప్పగానే లాప్‌టాప్ తెరిచి ఉండగానే లాక్కున్నారు. మూత పడి ఉంటే ఎన్‌క్రిప్షన్ దాటడం కష్టం, అందుకే ఆ నాటకం. లాగ్ ఫైలు బయటికొచ్చింది కూడా అలాగే. వాయిస్‌లో నలభై సెకన్లలో చెప్పేసి ముందుకెళ్తాం. దీన్ని ఎవరు తీసినా బాగుంటుంది, అది కథ గొప్పతనమే తప్ప తీసినవాడిది కాదు.

తెలుగు అక్షరాలతో ఇంకో పోరాటం. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లో ఒత్తులు విడిపోయి, 'స్క్రిప్టు' చూస్తే పిల్లాడి పలక మీద రాతలా వచ్చింది. సెట్టింగ్స్‌లో టెక్స్ట్ ఇంజిన్‌ని దక్షిణాసియా, మధ్యప్రాచ్యం అన్నదానికి మార్చి, సాఫ్ట్‌వేర్ మూసి తెరిస్తే కుదిరింది. కొన్ని కార్డులు మాత్రం పాత అలవాటుకొద్దీ డీటీపీ చేసే తమ్ముడు అను ఫాంట్లలో కొట్టి పంపాడు, అవి మళ్లీ యూనికోడ్‌లోకి మార్చాలి.

ఫిబ్రవరి, మూడో వారం

రఫ్ కట్ కొందరికి చూపించాం. ఒకాయన, సినిమా పరిశ్రమలో కో-డైరెక్టరుగా ఏళ్ల తరబడి చేసినాయన, చూసి "హీరో ఇంట్రడక్షన్ ఏదయ్యా?" అన్నారు. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగారు. ఆయన లెక్కలో స్మగ్లర్ అంటే దుంగ మీద కాలు పెట్టి భుజం ఎగరేయాలి, కింద ఊరు ఊరంతా చూడాలి. అలాంటి పాత్రలను మనం విజిళ్లేసి మోసుకొచ్చినవాళ్లం, హాలీవుడ్‌ని తప్పుపట్టడానికి మనకు మొహం తక్కువే. 2025 నవంబరులో ఒక పైరసీ సైటు కేసులో హైదరాబాద్ సైబర్ క్రైమ్ పోలీసులు ఒకణ్ణి అరెస్టు చేస్తే, కేసు తేలకముందే సోషల్ మీడియాలో కొందరు అతన్ని రాబిన్ హుడ్ చేశారు. సినిమా వచ్చేదాకా కూడా ఆగలేదు జనం.

ఆయన అడిగినదానికి జవాబుగా ఒక మార్పు చేశాను. వీడియో నేరుగా రీఫండుల లెక్కతో మొదలవుతుంది. ఇతనెవరో చెప్పం. ఏ సైటో చెప్పం. మనిషి కూర్చుని మూడు నెలల బాకీలు సర్దుతున్నాడు. అమ్మకపు సరుకు ఏమిటో నాలుగో నిమిషంలో తెలుస్తుంది. కో-డైరెక్టరుగారు మళ్లీ చూసి ఏమీ అనలేదు, టీ తాగి వెళ్లిపోయారు. బాగుందని అర్థమో, మీ ఖర్మ అని అర్థమో!

ఇంకొకామె బ్యాంకులో పనిచేస్తారు. తెర మీది పని తను రోజూ చేసేదానిలా ఉండటం ఇబ్బందిగా ఉందన్నారు. ఆ మాట నోట్స్‌లో రాసుకున్నాను.

ఫిబ్రవరి చివర

ఎండ్ కార్డుల పంచాయితీ. 2015 డాక్యుమెంటరీ, 2021 సినిమా వచ్చినప్పుడు కథ జీవిత ఖైదు దగ్గర ఆగింది. అప్పటికి అది న్యాయమే. 2025 జనవరి 21న ట్రంప్ పూర్తి క్షమాభిక్ష ఇచ్చాడు, పదకొండేళ్లు దాటిన జైలు తర్వాత మనిషి బయటికొచ్చాడు. ఇప్పుడా పాత సినిమాలు చూస్తే ముగింపు తప్పు. ఇప్పుడు తీసేవాళ్లకు విడుదల సీను దొరికింది, గేటు, వెలుతురు, కౌగిలింత. ఎవరో ఒకరు తీస్తారు. వద్దన్నా తీస్తారు.

నా అభిప్రాయం అడిగితే, గంజాయి చట్టాలు మారుతున్న దేశంలో సైటు నడిపినవాడికి పెరోల్ లేని రెండు జీవిత ఖైదులు ఎక్కువే. ఏప్రిల్ ఒకటి లాగ్ రాసినవాడు అమాయకుడూ కాదు. రెండూ ఒకే వీడియోలో పట్టాలి. నటుడు కుర్రాడు మాత్రం "అన్నా, ఇంతకీ ఆయన మంచోడా చెడ్డోడా" అని రోజూ అడుగుతున్నాడు. పోస్టరు కోసమట.

క్షమాభిక్ష కార్డును చివర్లోంచి తీసి, శిక్ష చెప్పే చోటే పక్కన పెట్టేశాను. శిక్ష ఇది, పదేళ్లకు ఇలా పోయింది అని ఒక్క ఊపిరిలో చెప్పేస్తే దాని చుట్టూ సస్పెన్స్ ఉండదు. పెర్త్ తల్లి మాట అక్కడికి ముందు వస్తుంది, సైటు కమీషన్ లెక్క చెప్పిన వెంటనే. పేర్లు, ఫొటోలు లేకుండా.

మిగిలిన పని: వాయిస్ రెండో భాగం, ఫోర్స్ ఒప్పందం ముక్కకు గ్రాఫిక్స్, అను ఫాంట్ల కార్డులు మార్చడం. లాప్‌టాప్ షాట్లలో ఒకదాంట్లో గోడ మీద కరెంటు బిల్లు కనబడుతోంది, దాన్ని చెరిపేయాలి, లేకపోతే శాన్ ఫ్రాన్సిస్కో గదిలో యూసుఫ్‌గూడ మీటరు నంబరు వస్తుంది. శనివారం డబ్బింగ్ థియేటర్ దొరికింది. రేటు గంటకే మాట్లాడాను కాబట్టి అందరూ టైమ్‌కి రావాలి.